ఆటబొమ్మ అని కొట్టిపారేసేవాళ్లకు

"లైట్లు వెలిగించి ఆర్పడం కోడింగ్ ఎలా అవుతుందండీ?" బడిలో పిల్లల చేతికి చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులు ఇద్దామన్న మాట ఎక్కడ వచ్చినా ముందుగా వినిపించే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు ఒక రకం కాదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లల సాయంత్రాలు కొనేసుకున్న యాజమాన్యాలకు ఇది టైం వేస్టు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్నకు రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలించడం చిన్నపిల్లల ఆట, కోడంటే జావా, పైథాన్. ఇంకొందరి దృష్టిలో అసలు ఈ చర్చే పాతబడిపోయింది. కోడ్ ఏఐ రాస్తోంది కదా, ఇక పిల్లలకెందుకు? చివరగా పరిశోధనలు చదివినవాళ్లు కొందరున్నారు. నలభై ఏళ్లుగా ఇలాంటివి చూస్తూనే ఉన్నాం, ఒరిగిందేమిటని వాళ్లు మర్యాదగా అడుగుతారు.

ఈ నాలుగు వాదనలకూ ఒకదానితో ఒకదానికి పొసగదు. కోడింగ్ మరీ గొప్పది కాబట్టి బోర్డు చాలదని ఒకరంటే, కోడింగే అక్కర్లేదు కాబట్టి బోర్డూ అక్కర్లేదని ఇంకొకరు అంటారు. అయినా అందరూ కలిసి ఇచ్చే తీర్పు ఒకటే, అది ఆటబొమ్మ అని. ఆ తీర్పు తప్పు. నాలుగింటి కిందా ఉన్న పొరపాటు కూడా ఒక్కటే: కోడింగ్ అంటే కోడ్ రాయడమే అనుకోవడం. కొత్తగా మొదలుపెట్టిన పిల్లకు రాయడం సగం పని. రాసింది ఎందుకు పనిచేయలేదో కనిపెట్టడం మిగతా సగం. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, భాషలు మారినా పోయినా, చదువుగా మిగిలేది ఆ రెండో సగమే. దాన్ని ఈ చిన్న బోర్డు నేర్పినంత సూటిగా మన బడుల్లో ఇంకేదీ నేర్పడం లేదు.

ముందు వస్తువేమిటో చూద్దాం. మైక్రోబిట్‌నే తీసుకోండి. బీబీసీ చొరవతో తయారైన ఈ బోర్డును 2016లో బ్రిటన్‌లో 11-12 ఏళ్ల పిల్లలకు దాదాపు 10 లక్షల దాకా ఉచితంగా పంచారు. కొలత 4 సెంటీమీటర్లు ఇటు, 5 సెంటీమీటర్లు అటు. ముందువైపు వరసకు ఐదు చొప్పున 25 ఎల్‌ఈడీలు, రెండు బటన్లు. కదలికను పసిగట్టే సెన్సర్, దిక్సూచి, అంచున వైర్లు తగిలించుకునే బంగారు రంగు పట్టీలు. మొదటి బోర్డు ర్యామ్ 16 కిలోబైట్లు. జేబులో 8 జీబీ ఫోను పెట్టుకు తిరిగేవాడి లెక్కలో అది ఐదు లక్షల వంతు. 2020లో వచ్చిన రెండో రకంలో మైకు, స్పీకరు చేర్చి, ర్యామ్‌ను 128 కిలోబైట్లకు పెంచారు. అయినా చిన్నదే.

ఆ చిన్నతనమే దాని బలం. ట్యాబ్‌లో పిల్ల వేలు పెట్టిన చోటల్లా ఎవరో ముందే చేసిపెట్టిన బొమ్మ కదులుతుంది. అదెందుకు కదిలిందో తవ్వి చూసే దారి లేదు. బోర్డు మీద పిల్ల చెప్పనిది ఏదీ జరగదు. వెలిగిందంటే తను వెలిగించినట్టే. వెలగలేదంటే తప్పు తను రాసిన ఐదారు వరసల్లోనో, తను తగిలించిన రెండు వైర్లలోనో ఉంటుంది. వెతకాల్సిన చోటు చిన్నది కాబట్టే పదకొండేళ్ల పిల్లకు వెతకడం సాధ్యమవుతుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిదీ కాదు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. కొద్ది కాలానికే నేలమీద కదులుతూ గీతలు గీసే 'తాబేలు' రోబో దానికి తోడైంది. తాబేలు చేత చతురస్రం గీయించాలంటే పిల్ల ముందు తనే లేచి నాలుగు వైపులా నడిచి, ఎక్కడ ఎంత తిరగాలో ఒంటితో తెలుసుకోవాలి. ఈ వంశంతో మనకూ చుట్టరికం ఉంది. 1984-85లో కేంద్రం మొదలుపెట్టిన 'క్లాస్' పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చినవి బీబీసీ మైక్రో కంప్యూటర్లే. మైక్రోబిట్ పేరులో ఉన్నది ఆ పాత యంత్రమే. యంత్రాలైతే వచ్చాయిగానీ, ఇన్నేళ్లలో చాలా బడుల్లో కంప్యూటర్ పాఠం తిరిగిన గానుగ మాత్రం ఒకటే: సీపీయూ భాగాలు పేర్కొనుము, ర్యామ్‌కూ రోమ్‌కూ భేదాలు రాయుము, కింది ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఏమి? దీన్ని నిజమైన కంప్యూటర్ చదువు అంటూ, చేతిలో బోర్డు పట్టుకున్న పిల్లది ఆట అనడానికి ధైర్యం కావాలి.

ఇక మొదటి వాదన: ఇది టైం వేస్టు, అసలు కోడింగే కాదు. ఒక పాఠాన్ని దగ్గరగా చూసి మాట్లాడుకుందాం. ఏడో తరగతి పిల్లలకు ఇచ్చిన పని, చీకటి పడితే తనంతట తనే వెలిగే వీధి దీపం. మైక్రోబిట్ ముందువైపు ఎల్‌ఈడీలే వెలుతురును కొలుస్తాయి. కటిక చీకటికి 0, మంచి వెలుగుకు 255. పిల్ల రాసేది రెండు ముక్కలు: వెలుతురు 50 కన్నా తక్కువైతే దీపం వెలగాలి, లేకపోతే ఆరాలి. బోర్డుకు ఒక ఎల్‌ఈడీ తగిలించి, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తుంది. దీపం వెలగదు.

ఎందుకు? ఆ బ్లాకును 'ఆన్ స్టార్ట్' కింద పెట్టింది కాబట్టి. కరెంటు అందిన క్షణంలో బోర్డు ఒక్కసారి వెలుతురు చూసింది, ఉందనుకుంది, పని ముగించింది. ఆ తర్వాత చెయ్యి అడ్డం పెడితే చూసేవాళ్లెవరు? బ్లాకును 'ఫరెవర్' లోకి మార్చాలి. ఒక్కసారి అడగడానికీ, అడుగుతూనే ఉండటానికీ ఉన్న తేడా ఇక్కడ పిల్లకు వేలి కొసల్లో తెలుస్తుంది. పుస్తకంలో లూప్ నిర్వచనం బట్టీపట్టిన పిల్లకు ఇది తెలిసిందో లేదో కనుక్కునే ప్రశ్న మన పరీక్షల్లో లేదు.

సరే, మార్చింది. ఇప్పుడు అడ్డం పెట్టగానే దీపం వెలుగుతుంది, వెంటనే ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. టపటపా కొట్టుకుంటుంది. కోడ్ చూస్తే తప్పేమీ కనిపించదు. పరీక్ష కాగితం మీద రాసి ఉంటే పదికి పది పడేవి. టీచరు జవాబు చెప్పకుండా ఒక్క మాట అంటుంది: "బోర్డుకు ఎంత వెలుతురు కనపడుతోందో అంకె వేయించి చూడమ్మా." పిల్ల ఆ బ్లాకు చేర్చి చూస్తుంది. దీపం ఆరినప్పుడు అంకె 50కి కింద, వెలిగినప్పుడు 50కి పైన. అప్పుడు అర్థమవుతుంది. తను పెట్టిన దీపం వెలుగే తన సెన్సర్ మీద పడుతోంది. దీపం వెలగ్గానే బోర్డు తెల్లారిందనుకుంటోంది, ఆరగానే రాత్రయిందనుకుంటోంది.

పరిష్కారాలు రెండు. దీపాన్ని సెన్సర్‌కు కనపడకుండా పక్కకు తిప్పడం ఒకటి. వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి అంతకన్నా బాగా ఎక్కువైన ఇంకో హద్దు పెట్టడం రెండోది. ఈ రెండు హద్దుల పద్ధతి ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం. ఇంటి మీద నీళ్ల ట్యాంకుకు పెట్టుకున్న ఆటోమేటిక్ మోటారు కింద గీత దగ్గర ఆన్ అయి, పై గీత దగ్గర ఆఫ్ అయ్యేది దీనివల్లే. ఒకే గీత ఉంటే మోటారు క్షణానికోసారి ఆగుతూ నడుస్తూ కాలిపోతుంది. ఆ సంగతిని ఏడో తరగతి పిల్ల ఒక పీరియడ్‌లో, తన తప్పులోంచి, తనే తవ్వి తీసింది. ఇది కోడింగ్ కాదనేవాళ్లు ఏది కోడింగో చెప్పాల్సిన బాకీ పడ్డారు.

రెండో వాదన బ్లాకుల మీద. సాఫ్ట్‌వేర్ వాళ్లకు వాటంటే చులకన. కానీ పై పాఠంలో పిల్ల బుర్ర పెట్టాల్సి వచ్చిన చోట్లు చూడండి: షరతు ఎక్కడ పెట్టాలి, ఎన్నిసార్లు అడగాలి, హద్దు ఎంత ఉండాలి, ఏ అంకె చూస్తే తప్పు దొరుకుతుంది. వీటిలో దేనికీ సెమీకోలన్‌తో పనిలేదు. టెక్స్ట్ కోడ్‌తో మొదలుపెడితే మన పిల్లల్లో ఎక్కువమందికి, అందులోనూ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు, మొదటి నెల ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో, బ్రాకెట్లలో, కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడంలోనే కరిగిపోతుంది. తప్పు చూపించే మెసేజీ కూడా ఇంగ్లిష్‌లోనే వస్తుంది. ఆలోచనలో తప్పుకూ అక్షరంలో తప్పుకూ తేడా తెలియక పిల్ల, "నాకు కంప్యూటర్ రాదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తుంది. బ్లాకులు ఆ అక్షరాల తప్పును అసలు జరగనివ్వవు. మిగిలేది ఆలోచనలో తప్పే. పైగా మైక్రోబిట్‌కు ఈ బ్లాకులు కూర్చే మేక్‌కోడ్ ఎడిటర్‌లో ఒక్క నొక్కుతో అవే బ్లాకులు జావాస్క్రిప్ట్‌గానో పైథాన్‌గానో కనిపిస్తాయి. ఎదిగిన పిల్లకు దారి మూసి లేదు. పోటీ పరీక్షల కళ్లతో చూస్తే బ్లాకు దిగువ మెట్టుగా కనిపించవచ్చు. పిల్ల ఎక్కాల్సిందీ అక్కడినుంచే.

మూడో వాదన ఇప్పుడు బాగా చెలామణిలో ఉంది. 2022 నవంబరు ఆఖరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దుబాయ్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, ఇకమీదట ఎవరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేకుండా చేయడమే మా పని అన్న అర్థంలో మాట్లాడారు. అది మన వాట్సాప్ గ్రూపుల్లో వేదవాక్యమైపోయింది. చిప్‌లు అమ్మే వ్యాపారి తన సరుకు గురించి చెప్పిన మాటను ఆరో తరగతి పాఠ్యప్రణాళికగా తీసుకోవడం మనకే చెల్లింది.

సరే, వ్యాపారి సంగతి వదిలేద్దాం, వాదననే తూకం వేద్దాం. వీధి దీపం కోడ్ రాయమంటే ఏఐ క్షణాల్లో రాసిస్తుంది. ఏమని రాస్తుంది? అడిగింది అంతే అయితే, వెలుతురు 50 కన్నా తక్కువైతే వెలిగించు, లేకపోతే ఆర్పు అని. మన పిల్ల రాసిందే. బోర్డు మీద వేస్తే ఆ దీపమూ టపటపా కొట్టుకుంటుంది. దీపం ఎటు తిరిగి ఉందో, ఆ గదిలో కిటికీ ఎక్కడుందో దానికి ఎవరో చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆ మనిషికి అనుమానం రావాలి. కాగితం మీద ఒప్పుగా ఉన్నది బల్ల మీద ఎందుకు తప్పుతోందని అడగడం అలవాటు కావాలి. ఏఐ వచ్చాక రాసేవాడి విలువ తగ్గిందంటే ఒప్పుకుంటాను. రాసింది సరైనదో కాదో తేల్చేవాడి విలువ మాత్రం పెరిగింది. నిజానికి ఏఐ వాదన దెబ్బకొట్టేది బోర్డును కాదు, ప్రోగ్రామ్‌లు బట్టీపట్టించే మన కంప్యూటర్ పీరియడ్‌ను. ఆ వాదన చేసేవాళ్లు గురి తప్పి పక్కింటి మీద రాయి వేస్తున్నారు.

నాలుగో వాదన మిగతావాటిలా తేలిగ్గా తోసేసేది కాదు. 1984లో న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీకి చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ లోగో నేర్చుకున్న పిల్లలను పరీక్షించారు. ఒక పనిని ముందుగా పథకం వేసుకుని చేయడంలో వాళ్లు లోగో నేర్చుకోని పిల్లలకన్నా మెరుగ్గా లేరని తేలింది. ప్రోగ్రామింగ్ నేర్పితే ఆలోచన దానంతటదే పదునెక్కుతుందన్న నమ్మకానికి అది పెద్ద దెబ్బ. 2012లో పెరూ నుంచి ఇంకో దెబ్బ తగిలింది. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం మీద అక్కడి పల్లె బడుల్లో జరిగిన అధ్యయనంలో, లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లలు ముందుకెళ్లిన జాడ కనపడలేదు. మైక్రోబిట్ పంచిన బ్రిటన్‌లోనే, 2017లో రాయల్ సొసైటీ నివేదిక అక్కడి కంప్యూటింగ్ చదువు ఒకచోట ఉండి ఒకచోట లేకుండా, బలహీనంగా ఉందని తేల్చింది. బోర్డుల వల్ల పిల్లలకు ఉత్సాహం పెరిగిందని పంచినవాళ్లే చేయించుకున్న సర్వేలు ఉన్నాయిగానీ, వాటిని సాక్ష్యంగా తేవడం నాకిష్టం లేదు. పెళ్లివారే వంట బాగుందంటే ఎవరు నమ్ముతారు?

అయితే కథ 1984తో ఆగలేదు. విమర్శకులు ఆపేది అక్కడ. 1988లో కార్నెగీ మెలన్‌లో డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ ఇంకో ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. వాళ్లు లోగోను పిల్లల ముందు పడేసి ఊరుకోలేదు. తప్పు పట్టే పద్ధతిని విడిగా, అంచెలంచెలుగా పాఠంగా చెప్పారు: కోరుకున్నదేమిటి, వచ్చిందేమిటి, ఈ రెంటికీ తేడా చూస్తే ఎలాంటి తప్పు అయివుండొచ్చు, అది ప్రోగ్రామ్‌లో ఏ భాగంలో ఉండొచ్చు, అక్కడే చూసి సరిదిద్దు. ఆ తర్వాత పిల్లలకు కంప్యూటర్‌తో సంబంధం లేని పనులు ఇచ్చారు. వస్తువులు ఎలా సర్దాలో, దారి ఎలా వెళ్లాలో చెప్పే సూచనల్లో ఉన్న తప్పును పట్టుకోవాలి. అక్కడా పిల్లలు మెరుగుపడ్డారు. అంటే మొదటి అధ్యయనం అబద్ధమని కాదు. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే. పరికరం తనంతట తాను ఏమీ నేర్పదు. తప్పు వెతకడాన్ని పాఠంగా చెబితే మాత్రం అది బోర్డు దాటి బయటికీ వస్తుంది. పెరూలో పంచింది పెట్టెలు. పాఠం పంచలేదు. దానికి పెట్టెను నిందిస్తే ఏం లాభం?

ఇక్కడ నా పక్షం వాళ్లతో కూడా పేచీ పెట్టుకోక తప్పదు. ఆటబొమ్మ అన్న పేరు బోర్డుకు ఊరికే రాలేదు. మనమే తెచ్చిపెట్టాం. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉంది. దేశంలో 10 వేల బడులకు అవి వచ్చాయి. మరో 50 వేల ప్రభుత్వ బడులకు ఐదేళ్లలో ఇస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. మంచిదే. కానీ కొన్ని బడుల్లో ఆ గది తాళం హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది. ప్రతి బోర్డూ స్టాకు రిజిస్టరుకు ఎక్కింది. పాడైతే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న భయం టీచరుకు. తనిఖీకి ఎవరైనా వచ్చే రోజున గది తెరుస్తారు. సైన్స్ ఫెయిర్ వస్తే ఇద్దరు చురుకైన పిల్లలను ఎంపిక చేసి, ఎవరో రాసిచ్చిన ప్రోగ్రామ్‌తో స్మార్ట్ డస్ట్‌బిన్ చేయించి, బల్ల మీద పెట్టి ఫొటో దిగుతారు. మిగతా పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. తప్పు జరగకుండా ముందే అన్నీ సరిచూసిన ప్రదర్శన అది. తప్పే జరగని చోట నేర్చుకునేదేముంది?

ఖర్చు సాకు కూడా నిలబడదు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరికొకటి చొప్పున 20 బోర్డులు చాలు. ఒక్కోటి రెండు వేల రూపాయలు అనుకున్నా 40 వేలు. తరగతి గోడకు తగిలించే ఇంటరాక్టివ్ ప్యానెల్ ఒక్కటి కూడా ఆ డబ్బుకు రాదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఆర్డునో తరహా బోర్డులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. బోర్డు ఇంకా రాని బడిలో కూడా మేక్‌కోడ్‌లోని సిమ్యులేటర్‌తో పని మొదలుపెట్టొచ్చు, అది ఉచితం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచగలిగింది. డబ్బు లేక ఆగిపోయామని ఎవరికి చెబుదాం? ఆ ట్యాబ్‌లలో నింపి ఇచ్చింది చూసే పాఠాలు. పిల్ల తప్పు చేసి దిద్దుకునే పాఠాలు అందులో ఎన్ని?

పక్కనే కేరళ ఉంది. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ 2025 జూన్‌లో మొదలైన విద్యా సంవత్సరం నుంచి పదో తరగతి కంప్యూటర్ (ఐసీటీ) పుస్తకంలో రోబోటిక్స్‌ను పిల్లలందరికీ పాఠంగా పెట్టింది. ఏరికోరిన ఇద్దరికి కాదు, నాలుగు లక్షల మందికి పైగా ఉన్న తరగతికి మొత్తంగా. 29 వేల కిట్‌లు బడులకు పంపింది. టీచర్లకు శిక్షణ ఇచ్చింది. పాఠ్యపుస్తకంలోకి, టైంటేబుల్‌లోకి ఎక్కిన పనిని తాళం వేసి దాచడం కష్టం. ఆ పద్ధతి ఎంత ఫలించిందో కాలం చెబుతుంది. కానీ అందరికీ, ఉన్న పీరియడ్‌లోనే, తమ టీచరు చేత అన్న వరస మాత్రం సరైనది.

తెలుగు రాష్ట్రాలు చేయాల్సింది కూడా పెద్ద పథకమేమీ కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల కంప్యూటర్ పీరియడ్‌లో వారానికి ఒకటి బోర్డుకు ఇవ్వాలి. విరిగిన, కాలిన బోర్డులను తరుగు కింద రాసుకునే అధికారం హెడ్మాస్టరుకు ఇవ్వాలి. పిల్ల చేతిలో వస్తువు పెట్టి పాడుచేయొద్దనడం కన్నా అసలు పెట్టకపోవడం నయం. టీచరు శిక్షణ బ్లాకుల పేర్లు చెప్పడంతో ముగియకూడదు. పిల్ల దీపం వెలగనప్పుడు జవాబు చెప్పకుండా ఏ ప్రశ్న వేయాలో టీచరుకు నేర్పాలి. అన్నిటికన్నా ముఖ్యం మార్కులు. పనిచేసే ప్రాజెక్టుకు మార్కులేస్తే ఇంట్లో అన్నయ్యో, బయట దుకాణంవాడో చేసిపెడతాడు. పనిచేయని దాన్ని పిల్ల ఎలా వెతికి బాగుచేసిందో తన మాటల్లో, తెలుగులోనైనా సరే, ఒక పేజీ రాయించి దానికి మార్కులు వేయాలి. ఆ పేజీ కొనుక్కునేది కాదు. పిల్ల ఎదురుగా నిలబడి చెప్పమంటే ఏఐ చేత రాయించిందో లేదో కూడా నిమిషంలో తేలిపోతుంది.

ఇవేవీ చేయకుండా 50 వేల ల్యాబ్‌లు తెరిచినా, పదేళ్ల తర్వాత ఎవరో ఒక అధ్యయనం చేసి ఏమీ ఒరగలేదని రాస్తారు. ఆటబొమ్మ అన్నవాళ్లు చూశారా అంటారు. అప్పుడు వాళ్లను గెలిపించేది వాళ్ల వాదనలో బలం కాదు, తాళం తీయడానికి మనం పడ్డ బద్ధకం.